మూతక్క, నా పగిలిన పలకలు

మా ల్యాబులో ఆవిడ అసలు పేరు ఇద్దరికే తెలుసు. ఒకరు జీతాల గుమాస్తా, రెండోవారు వాళ్లాయన. మిగతా అందరికీ ఆవిడ మూతక్క. ఎవరు ఏ సీసా తెరిచినా, గది ఆ చివర సింకు దగ్గర గాజుసామాను కడుగుతూనే, వెనక్కి తిరక్కుండా "మూత!" అని కేకేసేది. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం ఉలిక్కిపడేవాళ్లు. రెండో వారానికి వాళ్ల చెయ్యి దానంతటదే మూత మీదికి వెళ్లేది. నాకు మాత్రం నాలుగేళ్లు పట్టింది. నేను కొంచెం మొండిదాన్ని. కొంచెమేమిటి, బాగానే మొండిదాన్ని.

ఇప్పుడు నా దగ్గర ఆరుగురు పరిశోధన చేస్తున్నారు. మీకు ఈ పని నేర్పిందెవరని వాళ్లు అడిగితే మా గడ్డం సార్ పేరు చెప్పి ఊరుకుంటాను. అది సగం నిజం. మిగతా సగం ఎన్నాళ్లుగానో నా గొంతులో అడ్డం పడి ఉంది. దాన్ని బయట పెట్టేద్దామనే ఇది రాస్తున్నాను.

మేం ఏం చేసేవాళ్లమో ముందు చెప్పాలి. జామ్ గట్టిపడటానికి కారణం పండ్లలో ఉండే పెక్టిన్ అనే జిగురు. పండ్లరసం ఫ్యాక్టరీలు పారేసే తొక్కల నుంచి కూడా దాన్ని తీయొచ్చు. సిలికా అంటే ఇసుకలో ఉండేదే. ఈ రెంటినీ తగిన పాళ్లలో నీళ్లలో కలిపి అచ్చులో పోస్తే, గంటా రెండు గంటల్లో జెల్లీలా పేరుకుంటుంది. అందులో నూటికి తొంభై వంతులకు పైగా నీళ్లే. ఆ నీళ్లన్నీ తీసేసి వాటి చోట గాలిని మిగల్చాలి. జెల్లీ మాత్రం కుంగకూడదు, ముడుచుకోకూడదు. అలా మిగిలినదే ఏరోజెల్. అరచేతిలో పెట్టుకుంటే పెట్టుకున్నట్టే తెలియదు. ఒక పక్క నుంచి రెండో పక్కకి వేడిని పోనివ్వదు. ఉత్త సిలికాతో చేస్తే వేలు తగిలినా పొడైపోతుంది. పెక్టిన్ కలిస్తే కాస్త ఓర్పు వస్తుంది. చల్లగా ఉండాల్సిన మందులు మోసుకెళ్లే పెట్టెలకి దీన్ని పలకలుగా చేసి లోపలి గోడలుగా అమర్చాలన్నది మా సార్ ఆశ.

వినడానికి సులువుగానే ఉంటుంది. చేస్తే తలప్రాణం తోకకొస్తుంది. జెల్లీని మామూలుగా ఆరబెడితే నీళ్లు పోతూ పోతూ లోపలి సన్నటి గోడల్ని కూడా లాగేస్తాయి. పళ్లెమంత పలక బిస్కెట్టంత అయిపోతుంది. అందుకని నీళ్ల చోట ముందు ఆల్కహాల్ నింపాలి. అదీ ఒక్కసారిగా కాదు, రోజుకి కొంచెం గాఢత పెంచుతూ వారానికి పైగా. ఆ తరవాత పలకని మందపాటి స్టీలు పాత్రలో పెట్టి, బోల్టులు బిగించి, విపరీతమైన ఒత్తిడి మీద కార్బన్ డయాక్సైడ్ పంపిస్తాం. అది ఆల్కహాల్‌ని కడిగేసి, చివర్న తనూ చడీచప్పుడు లేకుండా జారుకుంటుంది. ఆ పాత్రని మేం కుక్కర్ అనేవాళ్లం. కుక్కర్‌కి ఒకటే పట్టింపు. కార్బన్ డయాక్సైడ్‌కి ఆల్కహాల్‌తో బాగా పడుతుంది, నీళ్లతో అస్సలు పడదు. పలకలో ఎక్కడైనా తేమ మిగిలిందా, అక్కడ ముడుచుకుని పగులుతుంది.

మూతక్క మూతల పిచ్చికి కారణం ఇదే. ఆల్కహాల్ సీసా తెరిచి ఉంచితే ఆవిరవడం ఒక నష్టం, గాలిలోని తేమని తాగేయడం అంతకంటే పెద్ద నష్టం. ఈ సంగతి ఆవిడ పుస్తకాల్లో చదవలేదు. పదో తరగతి దాకా చదివి, ఒక ఆసుపత్రి లాండ్రీలో పదకొండేళ్లు దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, ఆ ఆవిరికి దగ్గు పట్టుకుంటే మానేసి, గాజుసామాను కడిగే పనికి మా ల్యాబుకి వచ్చింది. నేను చేరేటప్పటికే ఆవిడ వచ్చి పదిహేనేళ్లు. ఎప్పుడు నేర్చుకుందో, ఎవరి పక్కన నిలబడి నేర్చుకుందో గానీ, జెల్లీ పేరుకుందో లేదో అచ్చు డబ్బా మీద గోటితో కొట్టి చెప్పేసేది. సరిగ్గా పేరుకున్న జెల్లీ సన్నగా వణుకుతుంది. ఆ వణుకు ఆవిడ వేలికి తెలిసేది. నేను గడియారం చూసి చెప్పిన టైమూ, ఆవిడ గోటితో చెప్పిన టైమూ తేడా వస్తే, ప్రతిసారీ గడియారమే ఓడిపోయేది.

నేను చేరిన మొదటి రోజే పొడవాటి గాజు కండెన్సర్ ఒకటి చెయ్యి జారి పగలగొట్టాను.  నా కళ్లలో అప్పటికే నీళ్లు. మూతక్క చీపురు తెచ్చి ముక్కలు ఊడుస్తూ, "ఎప్పట్నుంచో ఎవరో ఒకరు పడేస్తారని ఎదురుచూస్తోంది పాపం. ఇవాళ్టికి దాని కోరిక తీరింది. ఆ చేతిలో గాజు గుచ్చుకుందా, చూడు ముందు" అంది. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్క, నేను ఆవిడకి "తొందర". "తొందరా, చేతులు కడుక్కున్నావా?" "తొందరా, ఆ బీకరు నీది కాదు." పేరు పెట్టి పిలిచిన గుర్తే లేదు నాకు.

వాళ్లాయన సిటీ బస్సు డ్రైవరు. మా కిటికీలోంచి చూస్తే డిపో గోడ కనిపించేది. అయిదింటికి డ్యూటీ దిగి, ల్యాబు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఆవిడ కోసం ఎదురుచూసేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. "వద్దమ్మా, లోపలికొస్తే నా నోటికి కూడా మూత పెడుతుంది మీ అక్క. ఇంట్లో గిన్నెల కంటే మూతలే ఎక్కువున్నాయి" అనేవాడు. నేను ఆయన్ని బావా అని పిలిచేదాన్ని. ఊరికి దూరంగా హాస్టల్లో ఉండే నాకు, సాయంత్రం అయిదింటికి ఆ గుమ్మంలో వాళ్లిద్దరి మాటలు వింటుంటే ఇంటికి వెళ్లొచ్చినట్టుండేది.

మూతక్క మరో పని కూడా చేసేది. కొత్త ఆల్కహాల్ తెప్పించాలంటే అనుమతులనీ సంతకాలనీ నెలలు పట్టేది. అందుకని వాడిన ఆల్కహాల్‌ని పారబోయకుండా ఆవిడే మళ్లీ మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టేది. అలా పట్టినదాంట్లో ఇంకా నాలుగైదు వంతుల నీళ్లు మిగులుతాయి. ఆ నీళ్లని పీల్చడానికి మిరియాల గింజలంత పూసలు ఉంటాయి, వాటిని అందులో పోస్తారు. తేమ తాగేసిన పూసల్ని మూడు వందల డిగ్రీల ఫర్నేస్‌లో వేయిస్తే తాగిందంతా కక్కేస్తాయి, మళ్లీ పనికొస్తాయి. పూసలు వేయించడం, ఆల్కహాల్ పట్టడం, సీసాల మీద తేదీలు రాసి వరసగా పెట్టడం, అన్నీ ఆవిడవే. ఆ వరసలోంచి సీసా తీసుకుని పని చేసుకోవడం మా వంతు. అది ఎలా తయారవుతోందని మాలో ఎవరూ ఎప్పుడూ అడిగింది లేదు.

నా కష్టాలు నాలుగో ఏడు మొదలయ్యాయి. అంతవరకూ నేను చేసినవి రూపాయి బిళ్లంత చిన్న చిన్నవి. అన్నీ బాగానే వచ్చాయి. ఇక పళ్లెమంత పలక చెయ్యమన్నారు సార్. చేశాను, పగిలింది. మళ్లీ చేశాను, మళ్లీ పగిలింది. ఒక్కో పలకకి రెండు వారాలు. పెద్దవి కాబట్టి పగులుతున్నాయని మొదట అందరూ అన్నారు. ఆ తరవాత నా తొందర వల్ల పగులుతున్నాయన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు కూడా. లోపల ఏమవుతోందో చూడకుండా ఉండలేకపోయేదాన్ని. రోజుకి నాలుగుసార్లు ఆల్కహాల్ జాడీ మూత ఎత్తి చూసేదాన్ని. ఆరో పలక కూడా ముక్కలయ్యాక సార్ నన్ను గదిలోకి పిలిచారు.

"ఇంకో రెండు ప్రయత్నాలు చూద్దామమ్మా. ఒక్క నిండు పలక చాలు. రాకపోతే ఈ అంశం వదిలేసి వేరేది మొదలుపెడదాం" అన్నారు.

సార్ మంచి మనిషి, మెత్తగానే చెప్పారు. కానీ నాలుగో ఏడులో వేరేది మొదలుపెట్టడమంటే ఏమిటో మా ల్యాబులో అందరికీ తెలుసు. అలా మొదలుపెట్టినవాళ్లెవరూ పూర్తిచెయ్యలేదు. నాలుగు నెలలు తిరిగి, ఒక రోజు పెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. నాకు ఈ పని తప్ప ఇంకేదీ చెయ్యాలని లేదు. ఇది పోతే నేనేమిటో నాకు తెలియదు.

ఏడో పలక జాడీలో ఉండగా నోరు జారాను. మూడో రోజు మధ్యాహ్నం మూత ఎత్తి లోపలికి చూస్తున్నాను.

"మూత!" అంది అక్క సింకు దగ్గర్నుంచి. "నువ్వలా కళ్లలో వత్తులేసుకుని చూస్తే అదేమన్నా సిగ్గుపడి గట్టిపడుతుందా?"

మామూలు రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు ఒళ్లు మండింది.

"నా పని నాకు తెలుసు. మీరు మీ గ్లాసులు కడుక్కోండి" అన్నాను.

గ్లాసులన్న మాట కంటే "మీరు" అన్న మాట ఎక్కువ తగిలిందని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది. నాలుగేళ్లుగా నువ్వు, నువ్వు అన్న మనిషిని అలా ఒక్కసారిగా బయటికి నెట్టేశాను. ఆవిడ సింకు వైపు తిరిగింది. గ్లాసులు కడుక్కుంది. ఆ వారమంతా ల్యాబులో ఎవరికీ మూత అన్న కేక వినపడలేదు. అందరూ నా వైపు చూసేవాళ్లు, నేను నేల వైపు చూసేదాన్ని.

ఏడోది కూడా పగిలింది. కుక్కర్ ముందు నేల మీద చతికిలబడ్డాను. ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. క్షమించమని ఎలా అడగాలో తెలియక, "అక్కా, నువ్వు తిట్టు" అన్నాను.

"తిడతాను, చాలానే ఉన్నాయి, దాచిపెట్టాను. ఇంకొక్కటి మిగిలిందిగా. అది ఇద్దరం చేద్దాం. అయ్యాక తిడతాను. లే, చేతులు కడుక్కో" అంది.

ఎనిమిదో పలక నా జీవితంలో నేను అంత శ్రద్ధగా చేసిన మొదటి పని. ద్రావణం కలపడం దగ్గర్నుంచి ఆవిడ పక్కనే నిలబడింది. డబ్బా మీద ఎలా కొట్టాలో, వణుకు వేలికి ఎలా తెలుస్తుందో నా వేలు పట్టుకుని చూపించింది. జాడీ మూత మీద గుడ్డ చుట్టి ఒక ముడి వేసింది. లాండ్రీలో మూటలకి వేసే ముడట అది, నేను ఎంత తంటాలు పడ్డా విప్పలేను. ఆల్కహాల్ మార్చాల్సినప్పుడు ఆవిడే విప్పేది, ఆవిడే కట్టేది. తొమ్మిది రోజులు నేను జాడీలోకి తొంగి చూడలేదు. చూడాలని చేతులు దురద పెట్టేవి. ఆ దురద పుట్టినప్పుడల్లా వెళ్లి ఆవిడ పక్కన గ్లాసులు కడిగేదాన్ని. "నువ్వు ఇక్కడే బాగున్నావు, ఉండిపో" అని నవ్వేది ఆవిడ.

కుక్కర్‌లో రెండు రోజులు. శుక్రవారం మధ్యాహ్నం బోల్టులు విప్పాం. లోపల మూడు ముక్కలు.

ఏడవలేదు నేను. ఏడుపు రాని బాధ ఒకటుంటుందని ఆ రోజే తెలిసింది. అన్నిసార్లూ తొందర వల్ల పగిలిందని సర్ది చెప్పుకున్నాను. ఈసారి తొందర లేదు, మూత తియ్యలేదు, ఒక్క అడుగు తప్పలేదు. అయినా పగిలిందంటే ఇక మిగిలింది ఒక్కటే కారణం.

"అక్కా, ఈ పని నా చేతికి రాదు. కొంతమంది చేతులంతే. సోమవారం సార్‌కి మానేస్తున్నానని కాగితం ఇచ్చేస్తాను. మా చిన్నాన్న ట్యూషన్ సెంటర్ నడుపుతున్నాడు, లెక్కలు చెప్పుకుంటాను" అన్నాను.

ఆవిడ అప్పటికే మూడు ముక్కల్లో ఒకదాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూస్తోంది. పగులు మొదలైన చోట తెల్లగా, గరుగ్గా, ముడతపడ్డ మచ్చ ఒకటుంది. నేను పెట్టె సర్దుకోవడానికి హాస్టల్‌కి వెళ్లిపోయాను.

తరవాత జరిగింది నేను చూడలేదు, ఆవిడ చెబితే తెలిసింది. ఆ ముడత ఆవిడకి బాగా పరిచయమైనదట. దుప్పటి లోపలి మడతలో తడి ఉండగా పై నుంచి ఇస్త్రీ చేస్తే సరిగ్గా అలాగే లాక్కుపోతుంది. అంటే పలకలో తేమ మిగిలింది. ఎక్కడి నుంచి వచ్చింది? మూత తన ముడిలోనే ఉంది, గాలి నుంచి రాలేదు. ఇక రావడానికి ఒకటే దారి ఉంది, అది తను పోసిన ఆల్కహాలే. శనివారం ల్యాబు ఖాళీగా ఉంటుంది. ఆవిడ వచ్చి బీరువాలోంచి గాజు తేలుడు గొట్టం తీసింది. దాని మెడ మీద గీతలుంటాయి. ఆల్కహాల్‌లో నీళ్లెక్కువైన కొద్దీ అది పైకి తేలుతుంది. సీలు తియ్యని కొత్త సీసాలు రెండు బీరువా అడుగున ఉంటే, ఒకటి తెరిచి చూసింది. గొట్టం కిందికి మునిగి, ఉండాల్సిన గీత దగ్గర ఆగింది. తన వరసలోంచి ఒక సీసా తెరిచింది, గొట్టం పైకి తేలింది. రెండో సీసాలోనూ అంతే, మూడో సీసాలోనూ అంతే. వరస మొత్తం చూసింది. అన్నిట్లోనూ నీళ్లు మిగిలే ఉన్నాయి.

పూసలు! నాలుగు నెలల క్రితం మా ఫర్నేస్ పాడై రిపేరుకి వెళ్లింది. తిరిగి రాలేదు. పూసలు వేయించడానికి ఏదీ లేక, ఆవిడ గాజుసామాను ఆరబెట్టే చిన్న ఓవెన్‌లో పెట్టింది. అది నూట పది డిగ్రీలు దాటదు. వేడి తక్కువైతే ఏం, ఒక్క రోజు బదులు మూడు రోజులు పెడదాం అనుకుంది. సెగ తగ్గితే ఇంకాసేపు ఉంచడం అలవాటైన చేతులు అంతకంటే వేరేలా ఆలోచించవు. కానీ ఆ పూసలు అలా లొంగే రకం కాదు. నూట పది డిగ్రీల్లో మూడు రోజులు కాదు, మూడు నెలలు ఉంచినా తాగిన తేమని పూర్తిగా వదలవు. ఫర్నేస్ వెళ్లిన నెలలోనే నేను పెద్ద పలకలు మొదలుపెట్టాను. మిగతావాళ్లు చేసే చిన్న బిళ్లలు ఆ కాస్త తేమకి పగల్లేదు. అందుకే అందరం సైజు మీద పడ్డాం, ఆ తరవాత నా తొందర మీద పడ్డాం.

సోమవారం ఉదయం కాగితం పట్టుకుని సార్ గదికి వెళ్లేసరికి మూతక్క అప్పటికే లోపల నిలబడి ఉంది. బల్ల మీద రెండు సీసాలు, ఆ గాజు గొట్టం.

"నువ్వూ రా" అంది నన్ను చూసి. తరవాత సార్ వైపు తిరిగింది. "సార్, ఎనిమిది పలకలూ పగిలింది ఈ అమ్మాయి వల్ల కాదండి, నా వల్ల. పూసలు సరిగ్గా వేగలేదు. ఫర్నేస్ లేదని చిన్న ఓవెన్‌లో పెట్టాను. చాలదని నాకు తెలీలేదు, ఎవర్నీ అడగనూ లేదు. ఆల్కహాల్‌లో నీళ్లుండిపోయాయి, మీరే చూడండి."

సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎన్నాళ్లుగా?" అన్నారు.

"నాలుగు నెలల పది రోజులు సార్."

 నా కళ్లు సార్ బల్ల మీదున్న ఒక ఫైలు మీద పడ్డాయి. అదేమిటో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. గాజుసామాను కడిగే పని నుంచి ఆవిడని ల్యాబ్ అసిస్టెంట్‌ని చెయ్యమని సార్ రాసిన ఉత్తరం అందులో ఉంది. పందొమ్మిదేళ్లు కడిగీ కడిగీ చివరికి అక్కడిదాకా వచ్చింది. ఆ వారంలోనే ఆఫీసుకి వెళ్లాలి.

"పూసలు ఎక్కడ వేయిస్తున్నావని నేనూ అడగలేదు," అన్నారు సార్, సగం తనతో తాను మాట్లాడుకున్నట్టు. తరవాత ఫైలు మీద చెయ్యి పెట్టి, "ఇది కూడా అందులో రాయాల్సి వస్తుందమ్మా. దాచలేను" అన్నారు.

"రాయండి సార్. ముందు ఆ అమ్మాయి చేతిలో కాగితం చింపించండి" అంది మూతక్క.

నేనే చింపేశాను. నాలుగు ముక్కలు చేసి ఆ గదిలోనే చెత్తబుట్టలో వేశాను. 

సార్ ఇంకో ప్రయత్నానికి ఒప్పుకున్నారు. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ల ఫర్నేస్ అడిగి తీసుకుని పూసలన్నీ మళ్లీ వేయించాం. మొదటి రోజులకి నీళ్లు కలిపిన ఆల్కహాలే కావాలి కాబట్టి పాత సీసాలు దానికి సరిపోయాయి. చివరి రోజులకి మాత్రం సీలు తీసిన కొత్త సీసాలు, కొత్తగా పట్టినవి వాడాం. పొయ్యబోయే ముందు ప్రతి సీసాలోనూ ఆవిడ గొట్టం ముంచి, గీత నాకు చూపించి, నా చేత చదివించేది. ఒక్కసారి కూడా తనొక్కతే చూసి ఊరుకోలేదు.

పదిహేను రోజుల తరవాత కుక్కర్ బోల్టులు విప్పాం. అందరూ చుట్టూ చేరారు. ఆవిడ మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగుల అవతల నిలబడింది. "నువ్వే తియ్యి" అంది. రెండు చేతులూ లోపలికి పెట్టి లోపలి చట్రం మీద నుంచి పలకని ఎత్తాను. ఎత్తానో లేదో నాకే తెలియలేదు, అంత తేలిక. పాలు ఎక్కువ నీళ్లతో కలిపిన రంగు, అంచుల దగ్గర కాస్త నీలం. పళ్లెమంత పలక. అటు తిప్పాను, ఇటు తిప్పాను, ఎక్కడా గీత లేదు. సార్ వేలికొసతో ఒకసారి తట్టి, గట్టిగా నవ్వేశారు. ఆయన నవ్వగా నేను చూసింది అదే మొదటిసారి. నేను ఏడ్చేశాను. పలక మీద కన్నీళ్లు పడకుండా ఎవరో దాన్ని నా చేతుల్లోంచి తీసుకున్నారు.

ఆఫీసు నుంచి ఆవిడ ఫైలు ఆ నెలాఖరుకి తిరిగొచ్చింది. నాలుగు నెలల ప్రయోగాలు పాడుచేసిన మనిషిని పై పోస్టులో ఎలా వేస్తామని దాని మీద రాశారు. సార్ వెళ్లి గొడవపడ్డారు. తన తప్పు తనే కనిపెట్టి చెప్పిందన్న సంగతి వాళ్లకి పట్టలేదు. వచ్చే ఏడాది మళ్లీ పంపమన్నారు.

ఆ వార్త తెలిసిన సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. డిపో వెనక సందులో రెండు గదుల ఇల్లు. వంటగదిలో గోడ పొడవునా మూతలు వేలాడదీసి ఉన్నాయి, బావ చెప్పింది అతిశయోక్తి కాదు. అక్క స్టవ్ ముందు నిలబడి ఉంది. బావ నాకు కుర్చీ వేసి, తను గుమ్మం మీద కూర్చున్నాడు.  వచ్చే దారంతా తయారుచేసుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే మర్చిపోయాను.

బావే మొదలుపెట్టాడు. "ఆ శనివారం ల్యాబు నుంచి వచ్చి అన్నం ముట్టలేదమ్మా మీ అక్క. 'ఈ సంగతి చెప్పకపోతే ఏమవుతుంది?' అని నన్నడిగింది. నేనేమన్నాను? ఏమీ కాదన్నాను. నిజమేగా. రేపట్నుంచి మంచి సీసాలు పెట్టేస్తే సరి, పలక వచ్చేస్తుంది, అమ్మాయి ఉండిపోతుంది, నీ పోస్టు నీకొస్తుంది అన్నాను. నేను చెడ్డవాడ్ని కాదు, ఉన్నమాట చెప్పాను."

"మీరు చెప్పింది తప్పని నేనన్నానా?" అంది అక్క, స్టవ్ ఆపేసి ఇటు తిరిగి.

"మరి ఎందుకు చెప్పావక్కా?" అన్నాను.  "ఎవరికీ తెలిసేది కాదు. నేనూ ఉండిపోయేదాన్ని. పందొమ్మిదేళ్ల పోస్టు అది."

ఆవిడ వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. ఏళ్ల తరబడి నీళ్లలో నాని ఉబ్బిన వేళ్లతో నా రెండు చేతులూ తీసుకుని వెల్లకిలా తిప్పి చూసింది.

"పోస్టుదేముంది, వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది. నేను చెప్పకపోయినా నువ్వు ఉండిపోయేదానివే. కానీ నీ చేతులు మంచివి కావనే అనుకుంటూ ఉండేదానివి. ఎప్పుడు ఏది పగిలినా ముందు ఈ చేతుల్నే చూసుకునేదానివి, ముసలిదానివయ్యేదాకా. వీటికేం తెలుసు తల్లీ, అది నా పూసల తప్పని? నేను చెబితేనే కదా తెలిసేది."